రొట్టె అన్నచోట మాంసం

మా మనవరాలు షారోన్‌కి ఏ పాత వస్తువు చేతికి దొరికినా నోట్లోంచి వచ్చేవి రెండే మాటలు. "అమ్మమ్మా, ఇదేంటి?" అనేది ఒకటి, "పారేసెయ్యనా?" అనేది రెండోది. మొదటిదానికి నేను జవాబు చెప్పేలోగానే రెండోది వచ్చేస్తుంది. మొన్న అల్ ఘర్రాఫాలో మా అమ్మాయి సలోమి ఇంట్లో స్టోరుగది సర్దుతుంటే పాలపొడి డబ్బా ఒకటి బయటపడింది. మూత బిగుసుకుపోయి ఉంటే చెంచా కాడతో పైకి లేపాను. లోపల నా లేసు సూదులు మూడు, తుప్పు పట్టిన పిన్నీసులు, ఒక క్యాసెట్టు ఉన్నాయి. క్యాసెట్టు మూలల్లో ఉండే చిన్న కన్నాలకు కాగితం ముక్కలు మడిచి అంటించినవి అలాగే ఉన్నాయి. ఎవరో పెళ్ళికి పంచిపెట్టిన పాటల క్యాసెట్టు అది. కన్నాలకు కాగితం అంటిస్తే దానిమీద మళ్ళీ రికార్డు చేసుకోవచ్చని అప్పట్లో అందరికీ తెలుసు, డబ్బిచ్చి ఖాళీ క్యాసెట్టు కొనేవాళ్ళకు తప్ప.

"ఎవరి పాటలు అమ్మమ్మా?" అంది షారోన్.

"పాటలు కావు. మీ అమ్మ డిగ్రీలో కొంత అందులో ఉంది. పారేస్తే చెయ్యి విరగ్గొడతా" అన్నాను.

అది నవ్వుకుంటూ వెళ్ళి ఎక్కడో పాత టేపురికార్డరు సంపాదించే పనిలో పడింది. నేను ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. చదివింది ఐదో తరగతి, అదీ పూర్తిగా కాదు, అర్ధసంవత్సరం పరీక్షల దాకానే. అటువంటిదాన్ని చదువు గురించి రాయడమేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి. తప్పులుంటే సలోమి దిద్దుతుంది. దానికి ఆ హక్కుంది. దాని పరీక్షలో తప్పు చేయించినదాన్ని నేనే మరి.

అప్పుడు మేము ఈ అరబ్బు దేశంలోనే, సముద్రం ఒడ్డున అల్ వక్రాలో ఉండేవాళ్ళం. ఇప్పుడు అక్కడికి మెట్రో రైలు వెళుతోంది, చల్లగా కూర్చుని దిగిపోవచ్చు. అప్పుడైతే మా వీధిలోకి ముందు వచ్చేది ఎండబెట్టిన చేపల వాసన. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు గాని, నర్సాపురం పక్క పుట్టిన నాకు అది మా ఇంటి వాసనే. రెండు గదులు, ఒక వంటిల్లు. ఏసీ ఒక్క గదిలోనే. అందులోనే పడకా, భోజనమూ, చదువూ, ప్రార్థనా. మా ఆయన దానియేలుగారు ఒక కంపెనీలో స్టోరుకీపరు. తెల్లారేసరికి కంపెనీ బస్సు ఎక్కి డ్యూటీకి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి తిని, గంట పడుకుని మళ్ళీ వెళ్ళేవారు. వచ్చేటప్పుడు మూలనున్న బేకరీలో పొయ్యిలోంచి తీసిన ఖుబ్జ్ రొట్టెలు నాలుగు, కాగితం కూడా లేకుండా అరచేతుల మీద పెట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చేవారు. చేతులు కాలుతున్నాయని అరుస్తూ గుమ్మంలోంచే నా మీదకు విసిరేవారు. మాంసం శుక్రవారం మాత్రమే. మాంసం ఉన్నరోజు రొట్టె ఉండదు, రొట్టె ఉన్నరోజు మాంసం ఉండదు. అన్నంలోకి మాంసం, పప్పులోకి రొట్టె. రెండూ ఒకే పూట పెట్టే ఇల్లు బాగుపడదని నా నమ్మకం. వాడిన టీపొడి ఎండబెట్టి మళ్ళీ కాచేదాన్ని. ప్రభువు మళ్ళీ వస్తాడనే మాట మీద మా ఆయన ఆ టీని "రెండో రాకడ" అనేవారు.

నేను ఖాళీగా కూర్చోలేదు. మా వైపు ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చే విద్య లేసు అల్లిక. ఎదురింట్లో ఉండే ఉమ్ నాసర్ అనే పెద్దావిడ నేను అల్లిన పళ్ళెం మీది గుడ్డ చూసి ముచ్చటపడి, తలుపులకు, దిళ్ళకు, టీవీకి కూడా అల్లించుకుంది. నాకు వచ్చిన అరబ్బీ అంతా ఆవిడ దగ్గరా, చేపల రేవులోనూ నేర్చుకున్నదే. ఆవిడ తన కన్ను చూపించి "అయిన్" అనేది, చెయ్యి చూపించి "యద్", తల చూపించి "రాస్", అరచెయ్యి చూపించి "కఫ్" అనేది. చిన్నపిల్లకు నేర్పినట్టు నేర్పింది. నేను తిరిగి అంటే పకపకా నవ్వి ఖర్జూరం పండు నోట్లో పెట్టేది.

సలోమి అప్పుడే పన్నెండో తరగతి ముగించింది. ఆ రోజుల్లో మాలాంటి వాళ్ళ పిల్లలకు అక్కడ ఆపైన చదువు అందేది కాదు. అందరూ చేసే పనే మా ఆయనా తలపెట్టారు. పిల్లను పాలకొల్లులో వాళ్ళ పెద్దక్క ఇంట్లో పెట్టి, అక్కడి కాలేజీలో చేర్పించాలని. "మా పెద్దక్క ఇల్లంటే మనిల్లే కదా" అన్నారు. నన్నూ ఐదో తరగతి మధ్యలో అలాగే మేనత్త ఇంటికి పంపారు. కవలపిల్లలు పుట్టారు, నాలుగు రోజులు చేతిసాయం అన్నారు. "మనిల్లే కదా" అని మా నాన్న కూడా అన్నాడు. ఆ పిల్లలు నడిచారు, పరిగెత్తారు, బడికి వెళ్ళారు. వాళ్ళ పలకలు తుడిచిపెట్టాను గాని నేను మళ్ళీ బడి గుమ్మం ఎక్కలేదు. పాలకొల్లు పెద్దక్క ఇంట్లో మనవలు ముగ్గురున్నారు. సలోమి అక్కడికి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసినా, ఆయన అక్కని గురించి ఆయన దగ్గర అనకూడదని ఊరుకున్నాను. "టికెట్టు దండగ" అని మాత్రం అన్నాను.

అప్పుడే సలోమి ఒక కాగితాల కట్ట పట్టుకొచ్చింది. పరాయి దేశంలో ఎక్కడో ఒక కాలేజీ ఉందట, పోస్టులోనే డిగ్రీ చదివిస్తుందట.

"పరాయి భాష ఒకటి సొంతంగా నేర్చుకుని పరీక్ష నెగ్గితే పన్నెండు క్రెడిట్లు ఒక్కసారే వస్తాయి నాన్నా. అవి ఉంటేనే రెండో ఏడాదిలోకి రానిస్తారు."

"క్రెడిట్టంటే అప్పు కదే. కొట్టు గోడ మీద రాసుంటుందిగా, క్రెడిట్ లేదు అని" అన్నాను.

"ఇది అప్పు కాదమ్మా. చదివినదానికి జమ."

"జమ అయితే సరే."

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని జాబితా చూశారు. "తెలుగు పెట్టెయ్యి, పీడా పోతుంది."

"తెలుగు లేదు నాన్నా."

"పోనీ అరబ్బీ? నాలుగేళ్ళు బడిలో చెప్పారుగా."

"అదీ లేదు. ఫ్రెంచి, జర్మను, హెబ్రీ, యిడ్డిష్..."

ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టారు. "సరే. వచ్చే జూన్ దాకా గడువు. పన్నెండు వస్తే ఇక్కడే ఉండి చదువుకో. రాకపోతే మాట్లాడకుండా పాలకొల్లు. ఒప్పుకున్నట్టేనా?" సలోమి తలూపింది. నా వైపు చూసింది. నేను వెల్లుల్లి వలుస్తున్నాను.

ఏ భాష అన్నది నిర్ణయించింది నేను. ఫ్రెంచికి పుస్తకాలు కొనాలి, క్యాసెట్లు కొనాలి. హెబ్రీ పుస్తకమైతే ఊరికే దొరుకుతుంది. శుక్రవారాలు అల్ సద్‌లో జీవరత్నం పాస్టరుగారి ఫ్లాటులో మా తెలుగువాళ్ళ కూడిక జరిగేది. ఆయన మిగతా రోజుల్లో ఒక కంపెనీలో ప్లాన్లు గీసేవారు, శుక్రవారం వాక్యం చెప్పేవారు. కుర్రతనంలో వేదాంత కళాశాలలో చదివిన హెబ్రీ వ్యాకరణం పుస్తకం ఆయన దగ్గర ఉందని నాకు తెలుసు. అడిగితే "ఆయ్, తీసుకెళ్ళండమ్మా. పురుగులు తినేకన్నా పిల్ల చదవడం నయం కదండీ" అని ఇచ్చేశారు. పురుగులు అప్పటికే సగం తినేశాయి. మిగిలిన సగమే మాకు చాలనుకున్నాను.

ఆ సాయంత్రం సలోమి పుస్తకం తెరిచి మొదటి పేజీ గట్టిగా చదివింది. "ఆలెఫ్. బేత్." తర్వాతది పురుగు తిన్న చోట ఆగిపోయింది. వంటింట్లో పోపు వేస్తూ నేను అనేశాను: "గీమెల్, దాలెత్, హే, వావ్, జాయిన్, హేత్, తేత్, యోద్..." ఆగకుండా ఇరవైరెండూ చెప్పి, ఆవాలు చిటపటలాడేలోగా "తౌ" దగ్గర ముగించాను. మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏంటి మార్తమ్మా, అన్యభాషలు వచ్చేశాయా?"

అన్యభాషలు కాదు, సండేస్కూలు. వాక్యంలో, అంటే బైబిల్లో, అన్నిటికన్నా పొడుగాటి కీర్తన ఒకటుంది. ఎనిమిదేసి వచనాలకు ఒక పేరు ఉంటుంది పైన, ఆలెఫ్ అనీ బేత్ అనీ. అది మొత్తం అప్పజెప్పిన పిల్లకు అద్దం బహుమతి. మా పంతులమ్మగారు, "పైనున్న పేర్లు కూడా చెప్పాలి, వదిలేస్తే అద్దం లేదు" అన్నారు. అవేమిటో ఆవిడకూ తెలియదు. రాగాల పేర్లేమో అనుకున్నాను నేను. అద్దం వచ్చింది, మేనత్త ఇంట్లో పిల్లలు పగలగొట్టారు. పేర్లు మాత్రం నాతో ఉండిపోయాయి. గిన్నెలు తోముతూ, లేసు అల్లుతూ చెప్పుకునేదాన్ని. అవి అక్షరాలని ఆ సాయంత్రం దాకా తెలియదు.

అంతకన్నా విడ్డూరం పక్క పేజీలో ఉంది. ఒక్కో అక్షరానికి అర్థం రాసి ఉంది. బేత్ అంటే ఇల్లట. ఉమ్ నాసర్ ఇంటిని బయిత్ అంటుంది. అయిన్ అంటే కన్ను, అచ్చంగా అదే మాట. యోద్ చెయ్యి, కఫ్ అరచెయ్యి, రేష్ తల. ఒక్కొక్కటీ సలోమి చదువుతుంటే నేను ఎదురింటి వైపు చెయ్యి చూపిస్తూ "ఆవిడ చెప్పింది, ఇదీ ఆవిడ చెప్పింది" అన్నాను. వావ్ అంటే ఏమిటే అని అడిగితే, "కొక్కెం అమ్మా" అంది. నా చేతిలో లేసు సూది ఉంది. దాని కొస కొక్కెమే. ముప్ఫై ఏళ్ళుగా దాన్ని తిప్పుతూ వావ్, వావ్ అనుకున్నాను, అది దాని పేరేనని తెలియకుండా. ఆ రోజు నాకు వచ్చిన గర్వం అంతా ఇంతా కాదు. గర్వం వచ్చినప్పుడే మనిషి కాలు జారేది.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం నేను అడగడం, అది చెప్పడం. పుస్తకంలో పురుగు తిన్న మాటలకు నా అరబ్బీ అతుకు వేసేదాన్ని. అతుకు అతికినట్టే ఉండేది. పగలు, యౌమ్ అంటే యోమ్. కుక్క, కల్బ్ అంటే కెలెబ్. సూర్యుడు, షమ్స్ అంటే షెమెష్. "చూశావా, కొంచెం మెలి తిప్పితే చాలు, ఆ భాష ఈ భాష అవుతుంది" అన్నాను. ఒకరోజు లెహెమ్ అనే మాట వచ్చింది. అర్థం ఉన్నచోట కన్నం.

"లెహెమ్ అంటే ఏంటమ్మా?"

"అదీ అడగాలా? లహమ్. మాంసం. శుక్రవారం మీ నాన్న బజారులో అడిగేది అదేగా. రాసుకో."

రాసుకుంది. పదిసార్లు రాయించాను కూడా.

పరీక్ష కాగితం సీలు వేసిన కవరులో ఇండియన్ స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గారికి వచ్చింది. ఆవిడ ఎదుటే కూర్చుని రాయాలి. నేను బయట గోడ నీడలో గొడుగు, టిఫిను డబ్బా పట్టుకుని మూడు గంటలు నిలబడ్డాను. సలోమి వెలిగిపోతూ వచ్చింది.

"పెద్ద కథ ఇచ్చారమ్మా ఇంగ్లీషులోకి మార్చమని. సగం మార్కులు దానికే. ఒక పేదవాడు బజారుకెళ్ళి మాంసం కొంటాడు. ఇంటికొచ్చి కత్తితో కోసి, వెన్న రాసి పిల్లలకు పెడతాడు. తలా ఒక ముక్క. కథంతా ఆ మాంసం గురించే."

"మాంసానికి వెన్న రాయడమేంటే?"

"ఏమో. వాళ్ళ పద్ధతేమో."

ఎవరి పద్ధతైనా మాంసానికి వెన్నేమిటని నాకు లోపల ఎక్కడో పట్టింది. అంతలో టాక్సీ వచ్చింది, మాట మరుగున పడింది.

డిసెంబరులో క్రిస్మస్ కూడిక. పాస్టరుగారు ప్రతి క్రిస్మస్‌కీ చెప్పే మాటే చెప్పారు. నా చిన్నప్పుడు మా ఊరి పాస్టరుగారూ చెప్పారు, అంతకుముందు ఆయన కూడా చెప్పే ఉంటారు. "ప్రియులారా, బేత్లెహేము అనగా ఏమిటి? బేత్ అంటే ఇల్లు. లెహెమ్ అంటే రొట్టె. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు." అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. వెనక వరుసలో కూర్చున్న సలోమి వైపు తిరిగాను. అది అప్పటికే నా వైపు చూస్తోంది. ఏటేటా విన్న మాట, నిద్రలో లేపి అడిగినా చెప్పే మాట. పిల్ల పరీక్షలో పెట్టాల్సిన రోజున బజారు మాట నా నోటికి అడ్డం పడింది. ముందు ఆ రెండు భాషలకూ ఒకటే మాట ఉండేదట, ఒకళ్ళు రొట్టెకు ఉంచుకున్నారట, ఇంకొకళ్ళు మాంసానికి. పాస్టరుగారు భోజనాల దగ్గర చెప్పారు. సలోమి రాసిన కథ విని ఆయనకు నవ్వు ఆగలేదు.

"అసలు యూదులు మాంసంతో వెన్న ముట్టనే ముట్టరమ్మా. వాళ్ళ ధర్మానికే విరుద్ధం. దిద్దేవాడు కుర్చీలోంచి పడిపోయుంటాడు."

అందరూ నవ్వారు, మా ఆయన కూడా. నాకు బిర్యానీ గొంతు దిగలేదు. చేపముల్లు ఇరుక్కుంటే అన్నం ముద్ద మింగి దింపుకోవచ్చు. ఇది దేనికీ దిగలేదు.

ఫలితం వచ్చింది. పన్నెండుకు నాలుగే. ఆ ఒక్క కథ మొత్తం కొట్టేశారు. మా ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, "పర్లేదులే, ప్రయత్నం చేసింది. పెద్దక్కకి రాస్తాను" అన్నారు. సలోమి ఏడవలేదు. పాలకొల్లులో ఏ కాలేజీ దగ్గరని అడిగింది. ఆ నెమ్మదితనం చూసి నాకు ఒళ్ళు మండింది. నేను కూడా అలాగే నెమ్మదిగా మేనత్త వెంట నడిచి వెళ్ళాను కనక.

"జూన్ ఇంకా రాలేదు. ఆ జాబితాలో ఇంకోటి ఉందిగా, యిడ్డిష్. అదేంటి?" అన్నాను.

యూరప్‌లో యూదులు ఇళ్ళలో మాట్లాడుకునే భాషట. మాట జర్మనుకు దగ్గర, రాత హెబ్రీ అక్షరాలతో అని సలోమి చెప్పింది. తక్కువపడిన క్రెడిట్లు ఇంకో భాషతో పూడ్చుకోవచ్చట.

"అక్షరాలు అవేనా?"

"అవేనమ్మా."

"ఇంకేం? అక్షరాలు ఇంట్లో ఉన్నాయి. పొద్దుటి అన్నం మిగిలితే పారేస్తామా? నిమ్మకాయ పిండి పులిహోర చేస్తాం. ఆ అక్షరాలతోనే ఈ భాష వండు. ఎనిమిదేగా కావాల్సింది."

మా ఆయన నోరు తెరిచారు. "లహమ్ అని చెప్పింది నేనండీ. నా తప్పుకి పిల్లని పంపడమేంటి?" అన్నాను. మా ఇంట్లో నేను తప్పు నాదని ఒప్పుకోవడం అదే మొదలు. ఆయన నోరు మూసుకున్నారు. పక్కనుంచి సలోమి, "రాసింది నేను కదమ్మా" అంది మెల్లగా. "నువ్వు నోరుమూసుకో" అన్నాను.

పుస్తకం ఆ కాలేజీ గ్రంథాలయం నుంచి అరువు తెప్పించాలి. పోస్టాఫీసుకు పార్శిలు వచ్చిందని చీటీ వస్తే, మా ఆయన డ్యూటీలో ఉన్నారని నేనూ సలోమీ వెళ్ళాం. కౌంటరులో పెద్దాయన, తెల్లగడ్డం. ఎవరి పార్శిలైనా విప్పి చూసేవాడు, మాదీ విప్పాడు. పుస్తకం తీసి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"షు హాదా?" ఇదేమిటి అని.

"కితాబ్. మాల్ బింత్" అన్నాను, పిల్ల పుస్తకం అని.

"అరబీ మాఫీ. ఇంగ్లీజీ మాఫీ." అరబ్బీ కాదు, ఇంగ్లీషూ కాదు అని కళ్ళజోడు పైకెత్తి నన్ను చూశాడు. అర్థంకాని పుస్తకమైతే పెద్ద ఆఫీసుకు చూపించడానికి పంపుతారని, అది తిరిగొచ్చేసరికి నెలలు పడుతుందని విన్నాం. నెలలు మా దగ్గర లేవు. సలోమి నా కొంగు పట్టుకుంది, చిన్నప్పటిలా. నాకేం తోచక, ఇది పిల్లల బడి పుస్తకమేనని తెలియాలని, మొదటి పేజీలో అక్షరాల మీద వేలు పెట్టి చదివాను. "ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్."

ఆయన తలెత్తాడు. "అబ్జద్" అన్నాడు.

నాకర్థం కాలేదు. వేలు జరిపాను. "హే, వావ్, జాయిన్."

"హవ్వజ్."

"హేత్, తేత్, యోద్."

"హుత్తీ!"

"కఫ్, లామెద్, మేమ్, నూన్."

"కలమన్!" అని బల్ల మీద చెయ్యి కొట్టాడు. చిన్నప్పుడు ముల్లా దగ్గర కర్ర దెబ్బలు తింటూ నేర్చుకున్న అరబ్బీ అక్షరాల వరస అదట. చెవి మెలేసుకుని, వీపు మీద కొట్టుకుని మరీ చూపించాడు. నాకు అద్దం ఇచ్చారు, ఆయనకు దెబ్బలు ఇచ్చారు. వరస మాత్రం ఒకటే. వెనకాల నిలబడ్డవాళ్ళు విసుక్కుంటుంటే మేమిద్దరం చివరి అక్షరం దాకా వెళ్ళాం. మధ్యలో ఒకటి రెండు చోట్ల నేనే ఆయన్ను దిద్దాను. ఆయన పుస్తకం మళ్ళీ కాగితంలో చుట్టి, టపటపా ముద్రలు వేసి ఇచ్చాడు. "యల్లా, మామా. బింత్ కో పఢావో." పిల్లని చదివించు అని.

యిడ్డిష్‌తో నాకు మొదటిరోజే గొడవైంది. "అయిన్‌ని ఇందులో ఎ అని చదవాలమ్మా" అంది సలోమి. కన్నును ఎ అనడమేంటే అన్నాను. బేత్ అనకూడదు, బేయిస్ అనాలట. "మా కీర్తనలో బేత్ అని ఉంది. బేతే" అన్నాను. అయినా సలోమికి ఇంగ్లీషు వచ్చు కనక మాటలు తేలిగ్గా పట్టుబడ్డాయి. నీళ్ళు వాసెర్, ఇల్లు హోయిజ్, పాలు మిల్ఖ్. నా అరబ్బీ అతుకులు ఇక వద్దని నేనే మానేశాను. ఈ పరీక్షలో క్యాసెట్టులో మాట్లాడి పంపడం కూడా ఉంది. అందుకని పెళ్ళిపాటల మీద రికార్డు చేసుకుంటూ సాధన చేసేది. నేను తెలుగులో అడిగేదాన్ని, అది యిడ్డిష్‌లో చెప్పేది. ఆ హెడ్‌మిస్ట్రెస్‌గారి ఎదుటే మళ్ళీ కూర్చుని పరీక్ష రాసింది, మాట్లాడిన క్యాసెట్టు పోస్టు చేసింది.

జూన్‌కి పది రోజుల ముందు మా ఆయన మధ్యాహ్నం ఖుబ్జ్ రొట్టెలు అరచేతుల మీద పెట్టుకుని వచ్చారు. ఎప్పటిలా విసరలేదు. రొట్టెల మధ్య కాలేజీ కవరు ఉంది, కంపెనీ పోస్టుపెట్టెకు వచ్చిందట, వేడికి మెత్తబడిపోయింది. ముందే విప్పి చదువుకున్నట్టున్నారు, ముఖం బిగబట్టుకుని ఉన్నారు. సలోమి చదివింది. ఎనిమిదికి ఎనిమిది. అది పుస్తకం అట్ట మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది, మొదటి పరీక్ష పోయినప్పుడు రాని ఏడుపంతా.

"పెద్దక్కకి ఫోను చెయ్యాలి, పిల్ల రాదని" అన్నారాయన.

"ఇప్పుడెందుకండీ. శుక్రవారం రేటు తక్కువ, అప్పుడు చెయ్యండి" అన్నాను. "నువ్వు లేచి ముఖం కడుక్కో. ఆ పుస్తకం గడువులోగా తిప్పి పంపాలి."

అలా అన్నాను గాని గుండెల మీంచి తిరగలి రాయి దింపినట్టైంది. చెప్పులేసుకుని నేనే బజారుకు వెళ్ళాను. అది శుక్రవారం కాదు. అయినా అరకిలో లహమ్ కొన్నాను. ఆ పూట మా ఇంట్లో మాంసమూ రొట్టే ఒకే పళ్ళెంలో పడ్డాయి. మా ఆయన పళ్ళెం వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, "వెన్న కూడా ఉందా?" అన్నారు. సలోమి ముక్కు ఎగబీలుస్తూనే నవ్వింది. గొంతులో ముల్లు అప్పుడు దిగింది.

సలోమి డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు ఒక స్కూలు గ్రంథాలయంలో పని. మా ఆయన లేరు. షారోన్ ఫోనులో ఏదో నొక్కి, పచ్చ గీత నిండితే చాలు ఒక భాష వచ్చేసినట్టు ఎగురుతుంది. పుస్తకానికి పురుగుల్లేవు, పోస్టాఫీసు లేదు, అన్నీ ఊరికే. ఊరికే రావడం నాకు నచ్చే విషయమే, తప్పు పట్టను. కాకపోతే దాని పక్కన వెల్లుల్లి వలుస్తూ అడిగేవాళ్ళు లేరు. అది ఫోను అడుగుతుంది, ఫోనుకే చెబుతుంది, తప్పైతే ఫోనే దిద్దుతుంది. తప్పు చెప్పేవాళ్ళు లేకపోవడం మంచిదే అనుకుంటాను. మళ్ళీ కాదేమో అనుకుంటాను.

నిన్న టేపురికార్డరు దొరికింది. ముగ్గురం కూర్చున్నాం. గరగరమని చాలాసేపు, తర్వాత నా గొంతు, గద్దించినట్టు: "రొట్టె?" పిల్ల గొంతు: "బ్రోయిట్." "మాంసం?" "ఫ్లేయిష్." "మళ్ళీ చెప్పు. రొట్టె?" "బ్రోయిట్ అమ్మా, ఎన్నిసార్లు!" వెనకాల మా ఆయన, "మార్తమ్మా, రెండో రాకడ ఉంటే కాస్త పొయ్యి" అన్నారు. సలోమి కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కసారి కూడా వెరీగుడ్ అనలేదేంటి అమ్మమ్మా?" అంది షారోన్.

అంతటితో అయిపోయిందనుకున్నాం. షారోన్ ఆపబోతుంటే మళ్ళీ టక్కుమని చప్పుడు. నా గొంతే, ఈసారి చిన్నగా, ఎవరూ వినకుండా. సలోమి భోంచేసి నిద్రపోయిన మధ్యాహ్నం ఏదో అయి ఉంటుంది. పేజీ తిప్పిన చప్పుడు. తర్వాత, వేలు పెట్టి చదువుతున్నట్టు ఒక్కొక్కటీ: "బేత్. రేష్. వావ్. యోద్. తేత్." ఎక్కడో కుళాయి కారుతోంది. ఆ తర్వాత: "బ్రోయిట్."

మళ్ళీ మొదటినుంచి చదివి మళ్ళీ అన్నాను, ఈసారి కాస్త గట్టిగా. "బ్రోయిట్."

సలోమి నా వైపు తిరిగింది. ఇంతకాలమూ అది ఈ సంగతి ఎరగదు. "అమ్మా, నువ్వు చదివావా?" అంది.

"టేపు ఆపండి, కరెంటు దండగ" అన్నాను.

సలోమి ఆపలేదు. వెనక్కి తిప్పింది.